సెక్షన్ 8 వోచర్ మీద ఉన్నాను, ఫుల్‌టైమ్ ఉద్యోగం వచ్చింది. చేరితే అద్దె పెరిగిపోతుందా?

మల్లెతీగ
ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే ఉంటున్నాను. గ్రీన్ కార్డ్ ఉంది. విడాకుల తర్వాత చాలాకాలం వెయిటింగ్ లిస్ట్‌లో ఉంటే సెక్షన్ 8 వోచర్ (ప్రైవేటు ఇంటి అద్దెలో కొంత అమెరికా ప్రభుత్వం కట్టే సాయం) వచ్చింది. ఇప్పుడు ఒక డే కేర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను, ఏడాదికి 18,000 డాలర్లు వస్తాయి. మొన్న ఒక డెంటల్ క్లినిక్ వాళ్లు ఫ్రంట్ డెస్క్‌లో ఫుల్‌టైమ్ ఇస్తామన్నారు, 34,000.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. జీతం పెరిగితే అద్దె పెరుగుతుంది, ఫుడ్ స్టాంప్స్ (తిండి సరుకులకు ఇచ్చే ప్రభుత్వ సాయం) తగ్గుతాయి. చిన్నవాడికి స్కూల్ అయ్యాక ఎవరో ఒకరు చూసుకోవాలి కాబట్టి ఆ ఖర్చు కొత్తగా వస్తుంది. తెలిసినావిడ ఒకరు "ఎందుకమ్మా ఆ తంటా, ఉన్నదాంట్లో ఉండిపో, వోచర్ పోతే మళ్లీ దొరకదు" అంది. ఆవిడ నా మంచికే చెప్పింది. కానీ ఎన్నాళ్లని ఇలా ఉండాలి?

ఎఫ్.ఎస్.ఎస్. అని ఏదో ఉందట, పెరిగిన అద్దె మన పేరున దాస్తారట. నిజమేనా? వోచర్లు ఇచ్చే స్థానిక సంస్థ హౌసింగ్ అథారిటీకి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు ఏమీ చెప్పలేకపోయారు. క్లినిక్ వాళ్లకు వచ్చే వారంలోగా జవాబివ్వాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రాత్రి_షిఫ్ట్
చేరండి అక్కా. రెండో ఆలోచన వద్దు. అద్దె పెరిగినా జీతం మొత్తం అద్దెకు పోదు కదా.

గుమ్మడిపువ్వు
జీతం పెరిగిందని దిగులు పడాల్సిన పరిస్థితి పగవాళ్లకు కూడా వద్దు. మీ భయం నాకు బాగా తెలుసు. మా పిన్నిదీ ఇదే కథ, మూడేళ్లు ప్రమోషన్ వద్దంటూ వచ్చింది.

లెక్కల_మాస్టారు
ముందు అంకెలు చూద్దాం, అప్పుడు భయం ఎంత పెట్టుకోవాలో తెలుస్తుంది.

వోచర్ మీద మీరు కట్టే వాటా మినహాయింపులు పోగా మిగిలిన ఆదాయంలో సుమారు 30 శాతం. ఒక్కో పిల్లకు ఏడాదికి 480 డాలర్ల మినహాయింపు వేసుకుందాం.

ఇప్పుడు: 18,000లో 960 తీస్తే 17,040. నెలకు 1,420. అందులో 30 శాతం 426.
కొత్త ఉద్యోగంలో: 34,000లో 960 తీస్తే 33,040. నెలకు 2,753. అందులో 30 శాతం 826.

అంటే అద్దె నెలకు 400 పెరుగుతుంది. జీతం పెరిగేది నెలకు 1,333. కరెంటు, నీళ్ల బిల్లుల సర్దుబాటు వేరే ఉంటుంది, దాన్ని పక్కన పెట్టాను.

రాత్రి_షిఫ్ట్ గారు చెప్పింది నిజమే కానీ పూర్తి నిజం కాదు. ఫుడ్ స్టాంప్స్‌లో అదనపు ప్రతి డాలరుకూ సుమారు 24 సెంట్లు కోత పడుతుంది, కొన్ని కుటుంబాలకు 36 దాకా కూడా. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 సెంట్లు. అద్దెకు 30. అన్నీ కలిపితే డాలరులో 60 పైనే సెంట్లు పోయాయి. ఇద్దరు పిల్లలున్న ఒంటరి తల్లికి ఒక స్థాయి దాటాక ఈ.ఐ.టి.సి. (తక్కువ జీతం వాళ్లకు వచ్చే పన్ను రాయితీ) కూడా డాలరుకు 21 సెంట్ల చొప్పున తగ్గుతుంది. చైల్డ్ టాక్స్ క్రెడిట్ కొంత పూడుస్తుంది. ఇన్నీ పోయాక చేతికి మిగిలేది ఉంది, కానీ 16,000 అని ఊహించుకుంటే మాత్రం దిగులే.

కోటీశ్వరుడి మీద కూడా ఇంత శాతం పన్ను లేదు. పేదవాళ్లు బద్ధకించి పని మానేస్తున్నారనే వాళ్లు ఈ కూడిక ఒక్కసారి చేసి చూడాలి.

వేపచెట్టు
నేను ఒక హౌసింగ్ అథారిటీలో ఎఫ్.ఎస్.ఎస్. కో-ఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను. మల్లెతీగ గారూ, మీరు విన్నది నిజం. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన తెలుగువాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లు బాగా తక్కువ.

ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ అనేది 1990 గృహ చట్టంతో వచ్చింది. సెక్షన్ 8 వోచర్ ఉన్నవాళ్లు, పబ్లిక్ హౌసింగ్‌లో, అంటే హౌసింగ్ అథారిటీ సొంత ఇళ్లలో ఉన్నవాళ్లు చేరవచ్చు. 2018లో చట్టం మారాక కొన్ని ప్రైవేటు సబ్సిడీ అపార్ట్‌మెంట్లలో కూడా పెట్టుకునే వీలు వచ్చింది. చేరడం పూర్తిగా మీ ఇష్టం. చేరనంత మాత్రాన వోచర్‌కు ఏమీ కాదు.

చేరేటప్పుడు ఐదేళ్ల ఒప్పందం రాసుకుంటాం. ఆ రోజుకు మీ సంపాదన ఎంత, అద్దె వాటా ఎంత అనేది అందులో రాస్తాం. అదే మీ పునాది అంకె. తర్వాత ఉద్యోగం ద్వారా మీ ఆదాయం పెరిగి అద్దె పెరిగితే, ఆ పెరిగిన భాగానికి సమానమైన డబ్బు నెలనెలా మీ పేరున ఎస్క్రో ఖాతాలో (మీ కోసం వేరుగా దాచి ఉంచే ఖాతా) హౌసింగ్ అథారిటీ జమ చేస్తుంది. ఇంటి ఓనరుకు పెరిగిన అద్దె మీరు కట్టాల్సిందే, అది మారదు. కానీ దానికి జోడీగా ఇటు మీకు పొదుపు పెరుగుతూ ఉంటుంది. ఐదేళ్ల తర్వాత షరతులు పూర్తి చేస్తే వడ్డీతో సహా మొత్తం మీ చేతికి చెక్కు ఇస్తాం. ఇల్లు కొనుక్కోండి, కారు కొనుక్కోండి, అప్పులు తీర్చుకోండి, మీ ఇష్టం. దేనికి ఖర్చు పెట్టారని అడగం.

ఇక అసలు మాట. ఉద్యోగంలో చేరకముందే ఒప్పందం మీద సంతకం చేయడానికి ప్రయత్నించండి. కొత్త జీతం లెక్కలోకి వచ్చాక చేరితే మీ పునాది అంకె 34,000 అయిపోతుంది. అప్పుడు ఆపైన పెరిగినదే జమ అవుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జీతం పెరిగాకే వస్తారు, అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

లెక్కల_మాస్టారు
అంటే ఆవిడకు నెలకు 400 జమ అవుతుందన్నమాట. ఐదేళ్లకు 24,000!

వేపచెట్టు
మాస్టారూ, ఒక చిన్న సవరణ. పిల్లవాడిని చూసుకునే ఖర్చును, ఉద్యోగం కోసమే అయితే, ఆదాయంలోంచి తీసేస్తాం. నెలకు 300 అనుకుంటే ఏడాదికి 3,600. అప్పుడు 33,040 కాస్తా 29,440 అవుతుంది. అద్దె వాటా 736. పెరిగింది 310 మాత్రమే. ఎస్క్రోలో కూడా 310 చొప్పునే పడుతుంది. ఐదేళ్లకు 18,600, వడ్డీ వేరే. ఇక్కడ అద్దె తక్కువ పెరగడం ఆవిడకు మంచిదే.

సంపాదన పెరగడం వల్ల వచ్చిన పెంపుకే జమ. పిల్లల తండ్రి ఇచ్చే చైల్డ్ సపోర్ట్ పెరిగి అద్దె పెరిగితే దానికి జమ ఉండదు. ఆదాయం మరీ పెరిగి మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటితే కొత్త జమ ఆగుతుంది. అప్పటిదాకా పడింది మాత్రం ఖాతాలోనే ఉంటుంది.

మల్లెతీగ
చదువుతుంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఎక్కడో మెలిక ఉంటుంది కదా? చివర్లో వోచర్ వదిలేయమంటారా? ఫుడ్ స్టాంప్స్ తీసుకుంటే డబ్బు ఇవ్వరా?

వేపచెట్టు
వోచర్ వదలాల్సిన పని లేదు. ఎఫ్.ఎస్.ఎస్. పూర్తి చేసి డబ్బు తీసుకుని వోచర్ మీదే కొనసాగేవాళ్లు చాలామంది ఉన్నారు. పూర్తి చేసేనాటికి షరతులు ఇవి: ఒప్పందం రాసుకున్న వ్యక్తి ఉద్యోగంలో ఉండాలి, మీరే రాసుకున్న లక్ష్యాలు పూర్తి కావాలి, ఇంట్లో ఎవరూ నగదు వెల్ఫేర్ తీసుకుంటూ ఉండకూడదు. నగదు వెల్ఫేర్ అంటే టానిఫ్ లాంటిది. ఫుడ్ స్టాంప్స్, మెడికెయిడ్ (పేదవాళ్ల ఆరోగ్య బీమా), ఎస్.ఎస్.ఐ. (వృద్ధులకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే సాయం) ఇందులోకి రావు.

ఒక మెలిక మాత్రం ఉంది. ఆదాయం బాగా పెరిగి మీ వాటాయే మొత్తం అద్దెకు సరిపోయే స్థితి వస్తే, సబ్సిడీ సున్నా అయిన 180 రోజులకు వోచర్ ముగుస్తుంది. అది ఎఫ్.ఎస్.ఎస్. నియమం కాదు, వోచర్ నియమం. 34,000 జీతానికి మీరు దాని దరిదాపుల్లో కూడా లేరు, నిశ్చింతగా ఉండండి.

ఒహాయో_రావు
ఎవరినీ నొప్పించాలని కాదు గానీ నా మాట నేను చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ పన్నులు కడుతున్నాను. అద్దె సాయం చేయండి, కాదనను. దాని మీద మళ్లీ 18,000 చేతిలో పెట్టడమెందుకు? పని చేసుకుంటే జీతం వస్తుంది కదా, అదే ప్రోత్సాహం. నేను వచ్చిన కొత్తలో ఇద్దరితో గది పంచుకుని బతికాను, నాకు ఎవరూ ఎస్క్రో పెట్టలేదు.

పెద్దక్క_ఎన్‌జె
రావు గారూ, మీరు గది పంచుకున్నప్పుడు మీ చంకలో రెండేళ్ల పిల్లాడు లేడు. ఇద్దరు పిల్లలున్న ఆడమనిషిని ఎవరు గదిలో పెట్టుకుంటారు?

మా చెల్లెలి సంగతి చెబుతాను. భర్త పోయాక ముగ్గురు పిల్లలతో పబ్లిక్ హౌసింగ్‌లో ఉంది. కిరాణా కొట్లో క్యాషియర్. ఎఫ్.ఎస్.ఎస్.లో చేరి కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ బిల్లింగ్ కోర్సు చేసింది. కోర్సు ఫీజుకు దారి చూపించింది, పాత క్రెడిట్ కార్డు బాకీలు తీర్చే ప్లాన్ వేయించింది వాళ్ల కో-ఆర్డినేటరే. చివర్లో వచ్చిన డబ్బును డౌన్ పేమెంట్‌గా కట్టి చిన్న ఇల్లు కొనుక్కుంది. ఇప్పుడు సబ్సిడీ లేదు, ప్రాపర్టీ టాక్స్ కడుతోంది. మీరన్న పన్నుల లెక్కలోనే చూసినా ప్రభుత్వానికి నష్టమా అది?

రాత్రి_షిఫ్ట్
పెద్దక్క గారూ, మీ చెల్లెలికి నా తరఫున నమస్కారం చెప్పండి.

ఒహాయో_రావు
ఆవిడ కష్టపడింది, గౌరవం ఉంది. కానీ ఒక్క మంచి కథతో ప్రోగ్రాం మంచిదని తేలదు. మొత్తంగా ఎంతమంది పూర్తి చేస్తున్నారు?

సీతాకోక
రావు గారి ప్రశ్నకు నేను జవాబు. నేను పూర్తి చేయలేకపోయాను.

నాలుగేళ్లకు పైగా ఉన్నాను. మధ్యలో కో-ఆర్డినేటర్లు మారుతూనే ఉన్నారు, కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఖాతా స్టేట్‌మెంట్ అడిగితే తప్ప ఇచ్చేవాళ్లు కాదు. ఆఖరి ఏడాది కంపెనీ మూసేశారు, నా ఉద్యోగం పోయింది. గడువు నాటికి పనిలో లేనని ఎస్క్రో మొత్తం జప్తు చేశారు. ఆ డబ్బు కూడబెట్టింది నా ఒంటి కష్టమే కదా, అంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. అందుకే ఎవరైనా "చేరిపోండి, డబ్బు గ్యారంటీ" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది 2022కు ముందు మాట.

వేపచెట్టు
సీతాకోక గారూ, చాలా బాధగా ఉంది. మీకు జరిగింది అన్యాయమే. ఐదేళ్ల గడువును సరైన కారణం ఉంటే రెండేళ్ల వరకు పొడిగించవచ్చు. ఉద్యోగం పోవడం సరైన కారణమే. అది మీకు చెప్పాల్సింది ఆ ఆఫీసువాళ్లు.

2022లో కొత్త నియమాలు వచ్చాక కొన్ని బాగుపడ్డాయి, ఇప్పుడు చేరేవాళ్ల కోసం చెబుతున్నాను. ఇంతకుముందు పూర్తి చేయడానికి ముందు 12 నెలలు ఇంట్లో ఎవరూ నగదు వెల్ఫేర్ తీసుకుని ఉండకూడదు. ఇప్పుడు పూర్తి చేసే నాటికి లేకపోతే చాలు. ఇంతకుముందు ఇంటిపెద్దే ఒప్పందం చేయాలి, ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా చేయవచ్చు. ఒప్పందం మధ్యలో శాశ్వతంగా పనిచేయలేని వైకల్యం వస్తే డబ్బు ఇచ్చేయాలి. ఒప్పందంలో రాసిన ముఖ్యమైన సేవ దొరక్కపోయినా అంతే. జప్తు అయిన డబ్బును కూడా హౌసింగ్ అథారిటీ వేరే పనులకు వాడుకోవడానికి లేదు, మిగతా ఎఫ్.ఎస్.ఎస్. సభ్యులకే ఖర్చు చేయాలి.

మధ్యలో కూడా లక్ష్యానికి అవసరమైతే కొంత డబ్బు తీసుకోవచ్చు. కాలేజీ ఫీజు, ఉద్యోగానికి వెళ్లే కారు రిపేరు లాంటివి. ఎంతవరకు అనేది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

సీతాకోక
పొడిగింపు గురించి నాకు ఒక్కరూ చెప్పలేదు. ఇవాళ ఇక్కడ మొదటిసారి వింటున్నాను.

గుమ్మడిపువ్వు
సీతాకోక గారూ 🙏 ఇది చదివే మరొకరికైనా ఉపయోగపడుతుంది.

లెక్కల_మాస్టారు
రావు గారి ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటేయడం బాగుండదు. ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధనా సంస్థ హడ్ (కేంద్ర ప్రభుత్వ గృహ శాఖ) కోసం పలు హౌసింగ్ అథారిటీల్లో ఎఫ్.ఎస్.ఎస్.ను ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. లాటరీ పద్ధతిలో కొందరిని చేర్చుకుని, కొందరిని చేర్చుకోకుండా రెండు జట్లను పోల్చారు. మొత్తం మీద ఉద్యోగాల్లో, సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పూర్తి చేసినవాళ్లకంటే చేయనివాళ్లే ఎక్కువ.

ఇంకోవైపు జాబ్స్ ప్లస్ అని పబ్లిక్ హౌసింగ్ కోసం మరో ప్రయోగం ఉంది. 1998 నుంచి 2003 వరకు బాల్టిమోర్, చటనూగా, డేటన్, లాస్ ఏంజెలెస్, సెయింట్ పాల్, సియాటిల్‌లో నడిపారు. ఒక్కో కుటుంబంతో విడిగా కాకుండా కాలనీ మొత్తాన్ని కలిపి చేశారు. జీతం పెరిగినా అద్దె అంతగా పెరగకుండా చూశారు, ఉద్యోగాలు వెతికిపెట్టే ఆఫీసు కాలనీలోనే పెట్టారు, ఇరుగుపొరుగు ద్వారా ఖాళీల కబురు అందేలా చేశారు. సరిగ్గా అమలైన డేటన్, లాస్ ఏంజెలెస్, సెయింట్ పాల్‌లో సంపాదన పోల్చిన కాలనీలకంటే సగటున 14 శాతం ఎక్కువగా ఉంది. సరిగ్గా అమలు కానిచోట ఫలితం లేదు.

నాకు అర్థమైంది ఏమిటంటే, ఐదేళ్ల తర్వాత వచ్చే డబ్బుకంటే ఈ నెల చేతిలో మిగిలే డబ్బే మనిషిని పనివైపు లాగుతుంది.

వేపచెట్టు
మాస్టారూ, ఆ అధ్యయనం నాకు తెలుసు. అందులో సగటు కనబడుతుంది, మనుషులు కనబడరు. పూర్తి చేసి వేల డాలర్లు పట్టుకెళ్లే కుటుంబాన్ని చూసినవాళ్లెవరూ ఇది పనికిరాదనరు. కో-ఆర్డినేటర్ ఒక్కరికి ఎన్ని కుటుంబాలు ఇచ్చారన్న దాని మీదే ఫలితం ఉంటుంది. బోస్టన్‌లోని కంపాస్ వర్కింగ్ క్యాపిటల్ లాంటి సంస్థలు ఆర్థిక సలహా జోడించి నడిపినచోట్ల మంచి ఫలితాలు వచ్చాయి.

లెక్కల_మాస్టారు
మీరు చేసే పని మీద నాకు అనుమానం లేదమ్మా. మీలాంటివాళ్లు ఎక్కువమంది కావాలనే నేనూ అంటున్నాను. కానీ సగటు కూడా మనుషులే. సీతాకోక గారు ఆ సగటులోనే ఉన్నారు.

తెలివైనోడు
ఇంత రామాయణం దేనికి? క్లినిక్ వాళ్లను సగం జీతం క్యాష్‌లో ఇమ్మని అడగండి. అద్దె పెరగదు, ఫుడ్ స్టాంప్స్ తగ్గవు.

వేపచెట్టు
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. హడ్‌కు ఈ.ఐ.వి. అనే వ్యవస్థ ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల వివరాలు, జీతాల వివరాలు ప్రభుత్వ రికార్డుల నుంచి మాకు నేరుగా వస్తాయి. దాచింది బయటపడితే పాత సబ్సిడీ వెనక్కి కట్టాలి, వోచర్ పోవచ్చు, కేసు కూడా పెట్టవచ్చు. గ్రీన్ కార్డ్ మీద ఉన్న మనిషికి మోసం కేసు పడితే సిటిజన్‌షిప్ సంగతేమిటో ఆలోచించారా?

పెద్దక్క_ఎన్‌జె
పైగా క్యాష్‌లో తీసుకున్న జీతానికి సోషల్ సెక్యూరిటీ క్రెడిట్ ఉండదు. ముసలితనంలో ఎవరు పెడతారు?

గుండిగ
సంబంధం ఉన్న ప్రశ్నే. నేను హెచ్-1బి మీద ఉన్నాను, మా ఆవిడ హెచ్-4 (నా వీసా మీద ఆధారపడ్డ వీసా). లేఆఫ్ అయింది. మాకు ఈ సెక్షన్ 8 లాంటివి ఏమైనా వస్తాయా? పాప ఇక్కడే పుట్టింది.

వేపచెట్టు
హెచ్-1బి, హెచ్-4 వాళ్లకు అర్హత లేదు. పాప సిటిజన్ కాబట్టి మీది మిశ్రమ కుటుంబం కింద వస్తుంది. అలాంటప్పుడు అర్హులైన సభ్యుల వాటా మేరకే సబ్సిడీ లెక్కిస్తారు. కానీ వెయిటింగ్ లిస్ట్ ఏళ్ల తరబడి ఉంటుంది, లేఆఫ్ కష్టానికి అది ఆదుకోదు. అర్హత ఉన్న కుటుంబాల్లోనే సుమారు నలుగురిలో ఒకరికి మాత్రమే ఈ దేశంలో అద్దె సాయం అందుతోంది.

అప్లై చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారేమోనని చూసి గ్రీన్ కార్డ్ తేల్చేది పబ్లిక్ చార్జ్ నియమం. 2019 నియమంలో సెక్షన్ 8ను లెక్కలోకి తీసుకున్నారు, 2022 నియమంలో తీసుకోలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా మారే విషయం ఇది.

గుండిగ
అర్థమైందండీ, థాంక్స్. అయితే ఉద్యోగమే వెతుక్కుంటాను.

రాత్రి_షిఫ్ట్
తమ్ముడూ, ఏ టెక్నాలజీయో, ఎన్నేళ్ల అనుభవమో మెసేజ్ పెట్టు. మా వేర్‌హౌస్ ఐటీ టీమ్‌లో కనుక్కుంటాను. వీసా సంగతి వాళ్లనే అడగాలి.

ఒహాయో_రావు
నా అసలు అభిప్రాయం చెబుతాను. ప్రోత్సాహం కంటే షరతు మేలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు వారానికి ఇన్ని గంటలు పనిచేస్తేనే సాయం అని పెట్టాలి. కొన్ని ఊళ్లలో ఇప్పటికే ఉందని విన్నాను.

లెక్కల_మాస్టారు
ఉంది. 1996లో ఒక చట్టంతో మూవింగ్ టు వర్క్ అనే ప్రోగ్రాం వచ్చింది. అందులో చేరిన హౌసింగ్ అథారిటీలు అద్దె నియమాలు సొంతంగా రాసుకోవచ్చు, పని షరతు పెట్టవచ్చు. చాలాకాలం 39 సంస్థలే ఉన్నాయి, 2016లో ఇంకో 100కు అనుమతి ఇచ్చారు. అట్లాంటా, షార్లెట్‌లో పని షరతు పెట్టారు. శాన్ బెర్నార్డినో కౌంటీలో ఐదేళ్ల కాలపరిమితి పెట్టారు. పబ్లిక్ హౌసింగ్‌లో అయితే దేశమంతటా 1998 చట్టం నుంచి నెలకు 8 గంటల సమాజసేవ నియమం ఉంది. 62 దాటినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు, ఉద్యోగం చేసేవాళ్లకు మినహాయింపు. వోచర్ ఉన్నవాళ్లకు ఆ నియమం లేదు.

2025లో వచ్చిన బడ్జెట్ ప్రతిపాదనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు అద్దె సాయం రెండేళ్లకే పరిమితం చేయాలని కూడా రాశారు.

కొబ్బరాకు
రెండేళ్లు! మా వెయిటింగ్ లిస్టే అంతకంటే ఎక్కువ.

రావు గారూ, నా భార్యకు స్ట్రోక్ వచ్చింది. కాగితం మీద నేను ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషినే. ఆమెను లేపి కూర్చోబెట్టడం, స్నానం, మందులు, థెరపీకి తీసుకెళ్లడం నా పని. దీన్ని ఏ గంటల్లో రాయాలి? మినహాయింపు ఉంటుందంటారు, ఉంటుంది. దానికి డాక్టరు సంతకం, ఆఫీసు సంతకం, ప్రతి ఏడూ మళ్లీ మొదలు. ఒక్క కాగితం ఆలస్యమైతే ఇల్లు పోతుందన్న భయం ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

అద్దె సాయం అందుకునే ఇళ్లలో సగానికి పైగా వృద్ధులవో వైకల్యం ఉన్నవాళ్లవో. మిగిలినవాళ్లలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక పనిలో ఉన్నారు. మల్లెతీగ గారినే చూడండి. షరతు ఎవరి మీద పెడుతున్నాం?

ఒహాయో_రావు
కొబ్బరాకు గారూ, మీలాంటివాళ్ల మీద షరతు ఉండాలని నేను ఎప్పుడూ అనను. మీరు చేసేదానికంటే పెద్ద ఉద్యోగం ఏముంటుంది? మీ కాగితాల కష్టం నేను ఆలోచించని విషయం. అయినా పని చేయగలిగినవాళ్లకు ఏదో ఒక గడువు ఉండాలనే మాట మీద ఉన్నాను. బయట క్యూలో నిలబడ్డ ముగ్గురికి కూడా న్యాయం జరగాలి కదా. నలుగురిలో ఒకరికే అందుతోందని వేపచెట్టు గారే అన్నారు.

కొబ్బరాకు
క్యూ మాట నిజం. దానికి విరుగుడు వోచర్లు పెంచడం, ఉన్నవాళ్లను బయటికి తోసేయడం కాదు. రెండేళ్లకు ఖాళీ చేయించిన కుటుంబం మళ్లీ అదే క్యూ చివరికి వస్తుంది.

గుమ్మడిపువ్వు
ఇద్దరూ పెద్దవాళ్లు, ఇంత మర్యాదగా వాదించుకోవడం చూస్తే ముచ్చటేస్తోంది. మా వాట్సాప్ గ్రూప్‌లో అయితే ఈపాటికి నలుగురు లెఫ్ట్ అయ్యేవాళ్లు 😀

రాత్రి_షిఫ్ట్
నేను పబ్లిక్ హౌసింగ్‌లో ఉన్నాను. మాకు ఫ్లాట్ రెంట్ అని ఇంకో దారి ఉంది. జీతం బాగా పెరిగినవాళ్లు ఆదాయంలో 30 శాతం బదులు ఒక స్థిరమైన అద్దె ఎంచుకోవచ్చు, ఓవర్‌టైమ్ చేసినా అది పెరగదు. నేను అదే తీసుకున్నా. వోచర్ వాళ్లకు ఇది లేదు.

ఇంకోటి, జీతం పెరిగినా కొంతకాలం అద్దె పెంచకుండా ఈ.ఐ.డి. అని ఒక మినహాయింపు ఉండేది. దాన్ని 2024 జనవరి నుంచి కొత్తవాళ్లకు ఆపేశారు. పాత వెబ్‌సైట్లలో ఇంకా కనబడుతుంది, నమ్మి మోసపోకండి.

లెక్కల_మాస్టారు
ఈ 30 శాతం పుట్టుక కూడా చెప్పాలి. మొదట్లో ఆదాయానికి, అద్దెకు జాతీయ లంకె లేదు. పేదవాళ్లు భరించలేనంతగా అద్దెలు పెరిగితే 1969లో మసాచుసెట్స్ సెనెటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణ అద్దెను ఆదాయంలో 25 శాతానికి కట్టేసింది. 1981లో దాన్ని 30కి పెంచారు. పేదవాడిని కాపాడటానికి పెట్టిన నియమమే జీతం పెరిగినప్పుడు అడ్డుకట్ట అయింది. 1990లో జాక్ కెంప్ హడ్ సెక్రటరీగా ఉన్నప్పుడు ఎఫ్.ఎస్.ఎస్. పెట్టింది దాన్ని సరిచేయడానికే. ఆయన రిపబ్లికన్. రావు గారు గమనించాలి.

ఒహాయో_రావు
గమనించాను మాస్టారూ. పెద్దక్క గారి చెల్లెలి కథ విన్నప్పటినుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

పెద్దక్క_ఎన్‌జె
మల్లెతీగా, ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఇంకో మాట అడుగు తల్లీ. కొన్ని హౌసింగ్ అథారిటీలు వోచర్‌ను అద్దెకు బదులు ఇంటి లోను కంతుకు వాడుకోనిస్తాయి. మొదటిసారి కొనేవాళ్లై ఉండాలి, కనీసం ఏడాదిగా ఫుల్‌టైమ్ పనిలో ఉండాలి. వారానికి సగటున 30 గంటలున్నా ఫుల్‌టైమ్ కిందే లెక్క. లోను 20 ఏళ్లు, ఆపైన అయితే 15 ఏళ్ల దాకా సాయం వస్తుంది. ఎస్క్రో డబ్బు డౌన్ పేమెంట్‌కు, వోచర్ కంతుకు.

మల్లెతీగ
అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇవాళ మళ్లీ ఫోన్ చేసి సూటిగా "ఎఫ్.ఎస్.ఎస్. కో-ఆర్డినేటర్‌తో మాట్లాడాలి" అని అడిగాను. ఈసారి కలిపారు. మా దగ్గర ప్రోగ్రాం ఉంది, ఖాళీ కూడా ఉంది. గురువారం రమ్మన్నారు. క్లినిక్ వాళ్లను అడిగితే వచ్చే నెల మధ్యలో చేరడానికి ఒప్పుకున్నారు. ఉద్యోగం ఒప్పుకున్నాను.

సీతాకోక గారి అనుభవం చదివాక మాత్రం భయం పూర్తిగా పోలేదు. గురువారం ఏమేమి అడగాలి?

సీతాకోక
నేను చెబుతాను. ఒప్పందం కాపీ ఇంటికి తెచ్చుకోండి. స్టేట్‌మెంట్ ఏడాదికి ఒకసారి రాతపూర్వకంగా ఇవ్వమనండి, అది వాళ్ల బాధ్యత. పొడిగింపు ఎలా అడగాలో, ఎవరిని అడగాలో ఇప్పుడే రాయించుకోండి. కో-ఆర్డినేటర్‌తో మాట్లాడిన ప్రతి విషయాన్నీ ఆ రోజే ఈమెయిల్‌లో పెట్టండి. మనిషి మారినా ఈమెయిల్ ఉంటుంది.

వేపచెట్టు
సీతాకోక గారు చెప్పినవన్నీ చేయండి. వాటికి తోడు ఇంకొన్ని. ఒప్పందంలో మీ పునాది ఆదాయం 18,000, పునాది అద్దె ఎంత రాశారో సంతకానికి ముందు చూసుకోండి. ఒప్పందం సాధారణంగా సంతకం చేసిన మరుసటి నెల 1వ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది కాబట్టి ఈ నెలలోనే సంతకం పూర్తయ్యేలా చూడండి. కొత్త ఉద్యోగం వస్తోందని దాచకండి, గురువారమే చెప్పండి. చేరిన తర్వాత మీ ఆఫీసు పెట్టిన గడువులోగా ఆదాయం మార్పు రాతపూర్వకంగా తెలియజేయండి.

లక్ష్యాలు రాసేటప్పుడు ఉత్సాహంలో ఎక్కువ రాసేయకండి. "డిగ్రీ పూర్తి చేస్తాను, ఇల్లు కొంటాను" అని రాస్తే అవి పూర్తయితేనే డబ్బు వస్తుంది. మీ చేతిలో ఉన్నవి రాయండి: ఉద్యోగంలో కొనసాగడం, క్రెడిట్ స్కోర్ సరిచేసుకోవడం, ఒక సర్టిఫికెట్ కోర్సు. తర్వాత మార్చుకోవచ్చు, కానీ గడువు దగ్గరపడ్డాక మార్చడం కష్టం.

మల్లెతీగ
చిన్నవాడి డే కేర్ రసీదులు కూడా తీసుకెళ్లాలా?

వేపచెట్టు
ఇంకా ఖర్చు మొదలుకాలేదు కదా, రసీదులు ఉండవు. చూసుకునేవాళ్ల దగ్గర నెలకు ఎంతో రాయించి సంతకం పెట్టించుకున్న ఉత్తరం చాలు. ఖర్చు మొదలయ్యాక రసీదులన్నీ దాచండి, తర్వాతి రీసర్టిఫికేషన్‌కు (ఆదాయం, అద్దె మళ్లీ లెక్కించేటప్పుడు) అడుగుతారు.